రెండు వందల పన్నెండో పరీక్ష

పెంగ్ యూలన్ కుడిచేతి ఉన్ని తొడుగు తీసి బల్ల మీద పెట్టి, ఏడో నంబరు ల్యాప్‌టాప్ మూత ఎత్తింది. పరీక్షల గదిలో ఏసీ ఏడాది పొడుగునా పద్దెనిమిది మీదే ఉంటుంది. బయట జూబెయ్ వీధుల్లో సెప్టెంబరు ఎండ ఇంకా తగ్గలేదు. లోపలికి వచ్చేవాళ్ళు మాత్రం స్వెట్టరు తగిలించుకునే వస్తారు. గోడవార ఇనుప అరల మీద పద్దెనిమిది ల్యాప్‌టాప్‌లు, ఒక్కోదాని మూత మీద ఆమె చేత్తో రాసి అంటించిన నంబరు.

పక్కన స్టూలు మీద జియెన్ కూర్చున్నాడు. చిప్‌కి డ్రైవర్ ప్రోగ్రాం రాసేది అతనే. ముప్పై అయిదేళ్ళవాడు, ఆర్నెల్ల పాప తండ్రి, కళ్ళ కింద ఎప్పుడూ నల్లటి చారలు. తన ఫోన్ కెమెరా మీద కాపలావాళ్ళు అంటించిన ఎర్ర స్టిక్కరును గోటితో గీకుతున్నాడు.

"అది ఊడితే గేటు దగ్గర గొడవ పెడతారు," అంది యూలన్.

"ఊడదక్కా. మన డ్రైవర్ కంటే గట్టిగా ఉంది."

పొద్దున్నే అతను రెండు పేజీల ఉత్తరం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. చియాయీలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు నడుపుకునే హౌ అనే ఆయన కంపెనీకి రాసింది. మీ చిప్ డ్రైవర్‌లో కన్నం ఉంది, మామూలు ఖాతా నుంచి మొత్తం యంత్రాన్ని చేతిలోకి తీసుకోవచ్చు, తొంభై రోజులు ఆగుతాను, ఆ తర్వాత అందరికీ చెప్తాను అని దాని సారాంశం. కింద పన్నెండు మెట్లు వరసగా, దేని తర్వాత ఏది టైపు చేయాలో.

వాళ్ళ కంపెనీ తయారుచేసేది ల్యాప్‌టాప్ లోపల విడిగా కూర్చునే ఒక చిన్న భద్రతా చిప్. వేలిముద్రలు, డిస్కు తాళాలు, పాస్‌వర్డుల గుర్తులు దాని దగ్గర ఉంటాయి. మిగతా యంత్రం దానితో ఏం మాట్లాడాలన్నా మధ్యలో డ్రైవర్ అనే ప్రోగ్రాం ద్వారానే మాట్లాడాలి. ఆ డ్రైవర్‌కి యంత్రంలో అన్నిటికంటే పెద్ద హక్కులు ఉంటాయి కాబట్టి, వచ్చి అడిగేది ఎవరు, అడిగే హక్కు వాళ్ళకి ఉందా అని అది ప్రతిసారీ చూసుకోవాలి. హౌ ఉత్తరం ప్రకారం ఒక చోట చూసుకోవడం లేదు. ఫ్యాక్టరీలో చిప్‌ను సరిచూడటానికి పెట్టుకున్న పాత దారి ఒకటి మూయకుండా వదిలేశారు. ఆ దారిన ఏ ప్రోగ్రాం అయినా వెళ్ళి, జవాబు ఫలానా చోట రాయమంటే, ఆ చోటు ఎవరిదో చూడకుండా డ్రైవర్ రాసేస్తుంది. రాయకూడని చోట రాయించుకోగలిగితే, మామూలు ఖాతా యంత్రానికి యజమాని అయిపోవడం పెద్ద పని కాదు.

యూలన్ ఒక్కో మెట్టూ టైపు చేసి, ఉత్తరం మీద పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టుకుంటూ వెళ్ళింది. పదకొండోది అయ్యాక తెర మీద కాసేపు ఏమీ రాలేదు. పన్నెండోది, ఈ ఖాతా ఎవరిదని అడిగే ఆజ్ఞ. ఇందాక ఆమె ఖాతా పేరు చూపించిన చోట ఇప్పుడు యంత్రం యజమాని ఖాతా పేరు, 'సిస్టమ్' అని వచ్చింది.

జియెన్ స్టిక్కరు గీకడం ఆపాడు.

"ఎనిమిదో దాంట్లో చెయ్యక్కా."

ఎనిమిదో దాంట్లోనూ అదే వచ్చింది. పదమూడులోనూ అదే. పదమూడో దాని మూత దించి యూలన్ పెన్సిలు బల్ల మీద పెట్టింది.

"ఇది నేను మార్చిలో రాశాను," అంది.

"ఏది?"

"ఇదే. ఇంత దూరం వెళ్ళలేదు, మొదటి నాలుగు మెట్లు. రెండొందల పన్నెండో పరీక్ష. ఫ్యాక్టరీ దారిన చిప్ నంబరు చదవడం."

"అది అడ్మిన్ ఖాతాలో కదా చెయ్యాలి."

"నాకెక్కడిది అడ్మిన్ పాస్‌వర్డు? ప్రతిసారీ నువ్వొచ్చి కొట్టి వెళ్తావు. అప్పుడు మీ పాప పుట్టి నువ్వు సెలవులో ఉన్నావు. సరే, మామూలు ఖాతాలో చేస్తే ఎలాగూ ఆగిపోతుంది, ఆగిపోయిందని రాసి పక్కన పెడదామని చేశాను. ఆగలేదు. నంబరు చదివి చేతికిచ్చింది. ఆగాల్సింది ఆగలేదని లోపాల జాబితాలో టికెట్ రాశాను."

జియెన్ తన ల్యాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకున్నాడు. టికెట్ నంబరు అడిగితే ఆమె సొరుగులోంచి నోటుబుక్కు తీసి, మార్చి పదకొండు అని ఉన్న పేజీ తిప్పి చదివింది. అతను వెతికాడు. దొరికింది విప్పి చదివాడు.

"మర్నాడే మూసేశారు."

"మూశారని తెలుసు. ఏం రాసి మూశారో తెలీదు. మూసిన టికెట్లు ఏజెన్సీ నుంచి వచ్చిన మా పచ్చ కార్డు వాళ్ళకి కనబడవుగా."

అతను తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె రాసిన పదహారు లైన్ల కింద ఒక్క లైను ఉంది: పరీక్ష తప్పు ఖాతా నుంచి చేశారు, లోపం కాదు. కింద మేనేజర్ జువో పేరు.

"నా దాకా రాలేదక్కా ఇది."

"నువ్వు సెలవులో ఉన్నావుగా," అని యూలన్ మళ్ళీ తొడుగు వేసుకుంది.

మర్నాడు మూడు గంటలకి జువో పిలిపించాడు. ఆమె కంటే అయిదేళ్ళు చిన్న. పని ఉన్నప్పుడు పెంగ్ అక్కా అంటాడు, మీటింగుల్లో టెస్టింగ్ వాళ్ళు అంటాడు. అతని బల్ల మీద మధ్యాహ్నం భోజనం డబ్బా ఇంకా రబ్బరు బ్యాండు తీయకుండానే ఉంది. తనే లేచి కాగితం కప్పులో టీ పోసి ఇచ్చాడు.

"కూర్చోండక్కా. మూడు యంత్రాల మీద సరిచూశారట. జియెన్ చెప్పాడు."

"చేశాను."

"శుక్రవారం ఆ హౌ గారితో ఫోన్లో మాట్లాడాలి. తైపే ఆఫీసు నుంచి కో మేడం కూడా ఉంటారు. ఇలాంటి ఫిర్యాదులన్నీ ఆవిడే చూస్తారు. ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాసి పంపమన్నారు." అతను తెర వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "మీ మార్చి టికెట్ ఒకటుంది."

"ఉంది."

"అది వేరే విషయం కదా. అది పరీక్ష చేసే పద్ధతి గురించి. ఇది కన్నం గురించి."

"దారి ఒకటే."

"దారి ఒకటే కావచ్చు. మీరు రాసింది నంబరు చదివిందని. నంబరు చదివితే ఎవరికేం నష్టం? ఆ వారం నా ముందు మూడు వందల నలభై టికెట్లున్నాయి. నెలాఖరుకి సరుకు వెళ్ళాలి. ఒక్కోదానికి నిమిషం కూడా లేదు నాకు. మీరే చెప్పండి."

అది నిజమే. ఆ వారమంతా అతను ఆఫీసు సోఫా మీదే పడుకున్నాడని ఆమెకు తెలుసు. ఒకరోజు పొద్దున్నే స్నానాల గది దగ్గర భుజం మీద తువ్వాలుతో కనబడ్డాడు కూడా. ఆమె టీ తాగింది. మంచి టీ.

"నేనడిగేది ఒక్క లైను," అన్నాడు జువో. "ఆ టికెట్ కింద, మీ ఖాతా నుంచి. పరీక్ష పొరపాటున తప్పు ఖాతాలో చేశాను అని. దానికి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

"పొరపాటున చెయ్యలేదు."

"మాటవరసకి అక్కా."

ఆమె కప్పు అడుగున మిగిలిన ఆకు ముక్కను చూస్తూ కూర్చుంది. అతను పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఈ నెలాఖరులోగా మేము ఒక పర్మనెంటు పోస్టు నింపాలి. మీ పేరు రాశాను. దీనికీ దానికీ సంబంధం లేదు. ఊరికే చెప్తున్నాను."

"సంబంధం లేదు," అంది యూలన్. ఒప్పుకుందో, అడిగిందో అతనికి తెలియలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. గువోషెంగ్ రైలు స్టేషన్‌కీ టెక్నాలజీ పార్కుకీ మధ్య సిటీ బస్సు నడుపుతాడు. ఉప్పు గుడ్డుతో వేయించిన కాకరకాయ ముక్కలు తన గిన్నెలోకి తీసుకుంటూ మొత్తం విన్నాడు.

"ఒక్క లైనే కదా."

"ఒక్క లైనే."

"అది నిజమేనా?"

"మామూలు ఖాతాలో చేశానన్నది నిజం. పొరపాటు అన్నది కాదు."

"మా డిపోలోనూ అంతే. బ్రేకు లాగేస్తోందని నేను రాస్తాను. తొక్కే తీరు సరిగా లేదని రాసి డిపో మేనేజరు పుస్తకం మూసేస్తాడు. మర్నాడు అదే బస్సు ఇంకొకడికిస్తాడు. వాడూ రాస్తాడు. పదిమంది రాసేదాకా అది మా తొక్కే తీరే." అతను అన్నం కలుపుతూ ఆగాడు. "పర్మనెంటై నీలం కార్డు వస్తే, ఒప్పందం పొడిగించారో లేదో అని ఆర్నెల్లకోసారి ఏజెన్సీ ఫోన్ కోసం చూసే పని ఉండదు నీకు."

"ఉండదు."

"రాస్తే నిద్ర పడుతుందా?"

"పడుతుంది," అంది యూలన్. "నిద్ర నాకెప్పుడూ పడుతుంది."

అతను నవ్వి, కాకరకాయ గిన్నె ఆమె వైపు జరిపాడు.

బుధవారం పొద్దున తొమ్మిదికి ఆమె గదిలోకి వచ్చి, యంత్రాలన్నీ ఆన్ చేసి, ఫ్యాన్లు కుదురుకునేదాకా ఆగి, తన కంప్యూటర్ ముందు కూర్చుంది. నోటుబుక్కులోంచి టికెట్ నంబరు చూసి కొట్టింది; టికెట్ కనబడకపోయినా, కింద లైను చేర్చే ఖాళీ గడి మాత్రం వచ్చింది. జువో అడిగిన మాటలే, అతను అడిగిన వరసలోనే టైపు చేసింది. ఒకసారి చదువుకుంది. పొరపాటున అన్న మాట దగ్గర కర్సర్ పెట్టి, తీసేయకుండా, మళ్ళీ చివరికి తెచ్చింది. తర్వాత పంపే మీట నొక్కింది.

ఈ పని చేయడానికి మీ ఖాతాకు హక్కు లేదు, అని తెర మీద వచ్చింది.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. హౌ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి దానికి సంబంధించిన టికెట్లన్నిటినీ రహస్యం కింద పెట్టారు. ఉద్యోగులు తప్ప ఎవరూ వాటిని ముట్టుకోలేరు.

జువో గదికి వెళ్ళి చెప్పింది. అతను తన కంప్యూటర్లో చూశాడు.

"మీకు హక్కు ఇప్పించాలంటే కో మేడం ఆఫీసుకి రాయాలి. ఎందుకో కారణం కూడా రాయాలి." పెన్ను మూత రెండుసార్లు నొక్కాడు. "వద్దులెండి. నేను చూసుకుంటాను."

ఆమె గదికి తిరిగొచ్చింది. తేలికపడిందో, ఇంకేదైనా అయిందో ఆమెకే తేలలేదు. పదకొండింటిదాకా బ్యాటరీ పరీక్షలు చేసింది.

గురువారం మధ్యాహ్నం జియెన్ సరిచేసిన డ్రైవర్ తెచ్చాడు. పాత దారికి తాళం వేశాడు. ఎవరు అడిగినా ముందు అడ్మినా కాదా అని చూస్తుంది, రాయమన్న చోటు అడిగినవాళ్ళదేనా అని కూడా చూస్తుంది. పోల్చి చూడటానికి పద్దెనిమిదో దాంట్లో పాతది అలాగే ఉంచి, మిగతా పదిహేడింటిలో కొత్తది ఎక్కించారు. యూలన్ ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టింది. రెండో మెట్టు దగ్గరే ఆగిపోయింది. రెండోది ఆగింది. మూడోది ఆగింది. జియెన్ ఆమె వెనకే నడుస్తూ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదిహేడూ ఆగాయి.

"అయిపోయింది," అని అతను చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకున్నాడు.

"ఉండు."

ఆమె మూడో నంబరు ల్యాప్‌టాప్ మూత దించింది. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసుకుని నిలబడే తాగింది. మూత పక్కన దీపం ఆరి, నెమ్మదిగా మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలయ్యాక మూత ఎత్తి, మళ్ళీ పన్నెండు మెట్లూ చేసింది. ఎక్కడా ఆగలేదు. చివర 'సిస్టమ్' అని వచ్చింది.

జియెన్ ఇనుప అరకి నుదురు ఆనించాడు.

"ఎందుకు మూశావక్కా దాన్ని?"

"జనం మూస్తారుగా."

యంత్రం నిద్రపోయి లేచినప్పుడు డ్రైవర్ తన దారులన్నీ మళ్ళీ కొత్తగా తెరుస్తుంది. ఆ తెరిచే చోట జియెన్ తాళం వేయలేదు. అతను ఆ గదిలోనే, ఆమె స్వెట్టరు భుజాల మీద కప్పుకుని, ఏడింటిదాకా కూర్చుని రాశాడు. శుక్రవారం పొద్దున ఆమె ఒక్కోదాన్ని మూసి, తెరిచి, ఛార్జరు పీకి, పెట్టి, మళ్ళీ పదిహేడూ చూసింది. ఆగాయి.

ఫోన్ మాట్లాడేది మూడు గంటలకి. మీటింగు గదిలో పొడుగాటి బల్ల మధ్యలో గుండ్రటి స్పీకరు, గోడ మీద తెరలో కో మేడం. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు తాడుకి వేలాడేసుకుని ఉంది. జువో, జియెన్ పక్కపక్కన కూర్చున్నారు. పరీక్షల గురించి ఏదైనా అడిగితే చెప్పడానికి యూలన్‌ను తలుపు వైపు కుర్చీలో కూర్చోబెట్టారు. హౌ గొంతు మాత్రమే వచ్చింది. వెనక అతని కొట్టులో వేడి గాలి మిషన్ చప్పుడు, ఎవరితోనో మాట్లాడుతున్న ఆడగొంతు.

"నేనేం పెద్ద చదువు చదివినోణ్ణి కాదయ్యా," అన్నాడు హౌ. "ఒక బడివోళ్ళ ల్యాప్‌టాప్ బాగుకొచ్చింది. పాస్‌వర్డు ఏందో వాళ్ళకే తెలవదు. సరే ఈ చిప్ కత ఏందో చూద్దారని గెలికితే, తలుపు బార్లా తీసుండాది."

జియెన్ తాము చేసిన మార్పు చెప్పాడు. మూత సంగతి కూడా చెప్పాడు.

"మూత నాకు తట్టలేదే," అన్నాడు హౌ. మిషన్ చప్పుడు ఆగింది. "ఎవురికి తట్టింది అది?"

"మా పెంగ్ అక్కకి. టెస్టింగ్ ఆవిడే చేస్తారు."

"ఆడ ఉండాదా ఆమె?"

"ఉన్నాను," అంది యూలన్.

"బాగుంది తల్లీ. మంచి చెయ్యి నీది." కాగితాలు జరిపిన చప్పుడు. "ఇంగొక్క మాట. నా జాబు రాకముందే మీకు ఇది తెలుసునా? నాకేం తగువు లేదు. రేపు నలుగురిలో చెప్పేటప్పుడు అబద్ధం చెప్పకూడదని అడగతా ఉండా."

"మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది," అన్నాడు జువో. "సెప్టెంబరు రెండు."

తెరలో కో మేడం కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం తిప్పింది.

"మార్చిలో ఒక టికెట్ ఉన్నట్టు మీ జాబితాలో ఉంది కదా జువో. కింద నిన్నటి తేదీతో, పరీక్ష పొరపాటున తప్పు ఖాతాలో చేసినట్టు టెస్టర్ ఒప్పుకున్నారు అని రాసుంది. ఎవరా టెస్టర్?"

జియెన్ తలతిప్పి యూలన్ వైపు చూశాడు. జువో తన పెన్ను వైపు చూస్తున్నాడు.

"నేనే," అంది యూలన్. "ఒప్పుకోలేదు."

"అంటే?"

"అలా రాయమన్నారు. రాద్దామనే కూర్చున్నాను. నా ఖాతాకి హక్కు లేదంది, రాయలేకపోయాను. మార్చి పదకొండున చేసింది పొరపాటున చెయ్యలేదు. మామూలు ఖాతాలో ఆగాలి. ఆగలేదు. అదే రాశాను."

రోజూ సాయంత్రం ఫలితాలు చదివి వినిపించే గొంతుతోనే చెప్పింది. చియాయీలో ఆ ఆడగొంతు దగ్గరికొచ్చి, ఈ ఛార్జరు ఈయనది కాదంట, చూడు, అంది. హౌ ఏదో సర్దిచెప్పి మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చాడు.

"మార్చి పదకొండు. నాకంటే ఆర్నెల్లు ముందు," అన్నాడు. "అయితే ప్రకటనలో దీన్ని కనిపెట్టినోళ్ళ కాడ ఆమె పేరు ముందర రాయండి. నాది తర్వాత."

"ప్రకటనలో ఉద్యోగుల పేర్లు వెయ్యమండీ. అది మా నియమం," అంది కో మేడం.

"అట్టయితే నాదీ వద్దు. ఆమెకు తర్వాత వచ్చినోణ్ణి, నా పేరొక్కటే ఏస్తే మా ఊళ్ళో నవ్వతారు."

"చూస్తాను," అంది ఆవిడ. ఏదో రాసుకుంది. "పెంగ్ గారూ, ఆ టికెట్ నంబరు నాకు చదివి చెప్పండి."

యూలన్ నోటుబుక్కు తేలేదు. చూడకుండానే చెప్పింది.

ఫోన్ అయ్యాక జువో కాగితాలు బల్లకి తట్టి సరిచేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు పక్కన కూర్చున్న ఆమె, అతను వెళ్ళడానికి కుర్చీ కొంచెం జరిపింది.

సోమవారం పదకొండింటికి పరీక్షల గదిలో ఫోన్ మోగింది. అది మోగేది తక్కువ. కో మేడం.

"మా లీగల్ వాళ్ళు మీ కాగితాలు చూశారు. మొదటి పేజీలోనే ఉంది, ఈ వ్యక్తి కంపెనీ ఉద్యోగి కారు అని. అంటే మీరు బయటి మనిషి. బయటివాళ్ళ పేర్లు వెయ్యొచ్చు."

"పదకొండేళ్ళుగా ఈ గదిలోనే ఉన్నాను," అంది యూలన్.

"తెలుసు. కాగితం మాట చెప్తున్నాను. మీ పేరు రోమన్ అక్షరాల్లో ఎలా రాస్తారో పంపండి. ముందు మీది, తర్వాత ఆయనది."

ఫోన్ పెట్టేశాక ఆమె ఒక కాగితం మీద తన పేరు రోమన్ అక్షరాల్లో రాసింది. మధ్యలో చిన్న గీత పెట్టాలా వద్దా అని కాసేపు చూసుకుని, పాస్‌పోర్టులో ఎలా ఉందో గుర్తు చేసుకుని పెట్టింది.

మధ్యాహ్నం జువో వచ్చాడు. ఆ ఏడాది అతను ఆ గదిలోకి రావడం అదే మొదలు. పొట్టి చేతుల చొక్కాతో వచ్చి, లోపలికి అడుగుపెట్టగానే చేతులు రుద్దుకున్నాడు. జియెన్ అతన్ని చూసి, పాలపొడి కొనాలని ఏదో గొణిగి లేచి వెళ్ళాడు.

"పోస్టు మీకే వచ్చింది," అన్నాడు జువో. "నేను రాసిన కాగితం వెనక్కి తీసుకోలేదు. రేపటితో గడువు. ఒకటో తారీకున చేరాలి."

"సరే."

"ఇంకో సంగతుంది. చెప్పమని నాకెవరూ చెప్పలేదు." అతను గోడవార యంత్రాల వైపు చూశాడు. "ప్రకటన వచ్చేది అక్టోబరు రెండో మంగళవారం. అప్పటికి మీరు ఉద్యోగి అయితే ఆ నియమం మీకూ తగులుతుంది. పేరు తీసేస్తారు."

యూలన్ చేతిలో ఉన్న తీగ చుట్ట చుట్టడం ఆపలేదు. చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పెట్టెలో పెట్టింది.

"ప్రకటన మర్నాడు చేరితే?"

"అడిగాను. కుదరదు. పోస్టు ఈ నెలది."

ఆమె పెట్టె మూత వేసింది.

"నీలం కార్డు వస్తే అడ్మిన్ పాస్‌వర్డు ఇస్తారా?" అంది.

"ఇస్తాం. అందరికీ ఇస్తాం."

మార్చిలో తన దగ్గర అది ఉంటే రెండు వందల పన్నెండో పరీక్ష పుస్తకంలో ఉన్నట్టే జరిగిపోయేది. టిక్కు పెట్టి రెండు వందల పదమూడుకి వెళ్ళిపోయేది. ఆమె ఆ మాట పైకి అనలేదు.

"వద్దులెండి," అంది.

"పేరా?"

"పోస్టు."

జువో ఆమె ముఖంలోకి చూశాడు. "అక్కా, ఆ పేర్లు ఎవరూ చదవరు. ప్రకటన చివర చిన్న అక్షరాల్లో ఉంటాయి. వచ్చే ఏడాది పోస్టు ఉంటుందని నేను చెప్పలేను."

"తెలుసు. నేను పట్టినవన్నీ నోటుబుక్కుల్లో రాసుకుంటాను. డిసెంబరులో మీరు వాటిని తీసుకెళ్ళి చించే మిషన్లో వేయిస్తారు. నియమమే, కాదనను. ఒకటి బయట ఉండనీండి."

అతను జియెన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. చేతులు చంకల్లో దాచుకుని అడిగాడు.

"ఆ రోజు మీరు సరిగ్గా ఏం చేశారు?"

"టికెట్లో ఉందిగా."

"పై లైను ఒక్కటే చదివాను."

ఆమె పద్దెనిమిదో నంబరు ల్యాప్‌టాప్ అర మీంచి దించి, అతని ముందు పెట్టి, మూత ఎత్తింది.

"ఇందులో పాత డ్రైవరే ఉంది. మీరే చెయ్యండి. చెప్తాను."

ఒక్కో ఆజ్ఞా ఆమె చెప్పింది. చలికి వేళ్ళు మొద్దుబారి అతను మూడోది తప్పు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టాడు. ఆమె తొందరపెట్టలేదు. నాలుగోది కొట్టగానే తెర మీద చిప్ నంబరు వచ్చింది, పదహారు అంకెలు. జువో మీటల మీంచి చేతులు తీసేశాడు. దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"ఇక్కడ ఆగాలి," అన్నాడు.

"ఇక్కడే."

పోస్టు పక్క విభాగంలో ఒకతనికి వెళ్ళింది. యూలన్ ఒప్పందం ఎప్పటిలాగే ఇంకో ఆర్నెల్లు పొడిగించారని ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. మార్చి టికెట్ కింద కొత్త లైను ఒకటి ఉందని ఒకరోజు జియెన్ చెప్పాడు. ఆమెకు కనబడదు కాబట్టి చదివి వినిపించాడు: దీన్ని మూసింది నేను, పూర్తిగా చదవకుండా మూశాను. కింద జువో పేరు. పై నుంచి అతన్ని ఎవరైనా ఏమైనా అన్నారో లేదో ఆ గదిదాకా రాలేదు. మీటింగుల్లో అతను ఇప్పటికీ టెస్టింగ్ వాళ్ళు అనే అంటాడు.

అక్టోబరు రెండో మంగళవారం పొద్దున ప్రకటన వచ్చింది. ఏ ఏ మోడళ్ళలో ఉంది, కొత్త డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది, ఎంత ప్రమాదం అని రెండు పేజీలు. మధ్యాహ్నం భోజనం వేళ గువోషెంగ్ డిపో నుంచి ఫోన్ చేశాడు. వెనక బస్సు ఇంజన్ చప్పుడు.

"చూశాను. మొదటి నుంచీ చదివాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"చివర చూడు."

"చివరా చూశాను. ముందు నువ్వు, కింద ఆ చియాయీ ఆయన. ఆయన పక్కన కొట్టు పేరుంది. నీ పక్కన గీతేమిటి?"

"ఎక్కడ పనిచేస్తారో రాసే చోటది."

"ఖాళీగా వదిలేశావా?"

"ఏం రాయాలో వాళ్ళకీ తోచలేదు. నాకూ తోచలేదు."

అతను తెర మీద వేలితో జరుపుతున్నాడేమో.

"పేరు మాత్రం సరిగ్గానే రాశారు," అన్నాడు. బస్సు తీసే వేళయిందని పెట్టేశాడు.